పసుపు బస్సు, కరక్ చాయ్

మా మేనల్లుడు 2022 ఆగస్టులో ఎమ్మెస్ చెయ్యడానికి విజయవాడ నుంచి ఒహాయో వెళ్ళాడు. వెళ్ళిన వారానికి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక పొడుగాటి మెసేజీ పెట్టాడు. పైన "నిజంగానే ఉన్నాయి మామయ్యా!" అని రాసి, కింద తను ఇన్నాళ్ళూ సినిమా సెట్టింగులనుకున్నవన్నీ వరసగా పేర్చాడు. పార్టీల్లో ఎర్ర ప్లాస్టిక్ కప్పులు. ఇంటిముందు పోస్టు డబ్బా, దానికో చిన్న ఎర్ర జెండా. మీట నొక్కితే కూరగాయ తొక్కల్ని నమిలి మింగేసే వంటింటి సింకు. గరాజు తలుపు ఎత్తి, పాత సామాను వాకిట్లో పరిచి, దర్జాగా అమ్ముకుంటున్న పెద్దమనుషులు. లిఫ్టులో ముక్కూమొహం తెలియనివాడు "ఎలా ఉన్నావు?" అని అడిగి, జవాబు వినకుండా దిగిపోవడం. ఆఖరున పసుపు రంగు స్కూలు బస్సు.

డేరాలో మా హాల్లో కూర్చుని అది పైకి చదువుతుంటే పన్నెండేళ్ళ మా అమ్మాయి అడిగింది: "స్కూలు బస్సులో వింతేముంది నాన్నా? నేను రోజూ వెళ్ళేది దాన్లోనేగా? బావ ఎందుకు నమ్మలేదు?"

మంచి ప్రశ్న. అసలు విజయవాడలో ఉన్నవీ పసుపు బస్సులే. అదే అడిగాను వాణ్ణి. "రంగు కాదు మామయ్యా, అది ఆగి పక్కనుంచి ఎర్ర బోర్డు చాస్తే, ఎదురుగా వచ్చే కార్లతో సహా అన్నీ ఆగిపోతున్నాయి. ఒక్కడు కూడా హారన్ కొట్టడు. అది సినిమా అనుకున్నా," అన్నాడు. ఇదీ అసలు సంగతి. కానీ వాడి మెసేజీలో ఉన్నది "పసుపు రంగు స్కూలు బస్సు" అన్న నాలుగు మాటలే. చూసినదొకటి, రాసినదొకటి. (ఆ బోర్డు దుబాయిలోనూ ఉంది. దాన్ని లెక్కచెయ్యకుండా దూసుకుపోతే వెయ్యి దిర్హాములు జరిమానా, పది బ్లాక్ పాయింట్లు. ఇది నేను పేపర్లో చదివి తెలుసుకున్నదే, కట్టి తెలుసుకున్నది కాదని మనవి.)

ఆ వారం నుంచి మా సాహితీ మిత్రుల బీరువాలో ఉన్న అమెరికా తెలుగు పుస్తకాలన్నీ మళ్ళీ తీసి చదవడం మొదలుపెట్టాను. బీరువా అంటే పెద్దగా ఊహించుకోకండి. మురక్కబాత్‌లో ఒక మిత్రుడి ఫ్లాటులో, చెప్పుల స్టాండు పక్కన ఉంటుంది. ఎవరు ఇండియా వెళ్ళినా, అమెరికా వెళ్ళినా, సూటుకేసులో కిలోలు మిగిలితే పుస్తకాలు తెచ్చి అందులో పెడతారు. తానా, ఆటా సావనీర్లు, వంగూరి ఫౌండేషన్ వారి అమెరికా తెలుగు కథానిక సంపుటాలు, అట్టలూడిన యాత్రా చరిత్రలు, ఈమాట నుంచి ఎవరో ప్రింటు తీసి స్పైరల్ బైండింగు చేయించిన వ్యాసాలు. నేను విమర్శకుణ్ణి కాను, ఇంజినీరింగు చదివి ప్రోగ్రాములు రాసుకునేవాణ్ణి. కాకపోతే ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం ఇరవై ఏళ్ళుగా నా వృత్తి కాబట్టి, ఆ చొరవతో ఈ నాలుగు మాటలు.

ముందే ఒక ఒప్పుకోలు. నేను ఇంజినీరింగు పూర్తిచేసింది 2002లో. డాట్‌కామ్ బుడగ పగిలిపోయి, వెళ్ళినవాళ్ళే తిరిగొస్తున్న రోజులు. 2003 అక్టోబరుకి హెచ్1బి వీసాల కోటా లక్షా తొంభై అయిదు వేల నుంచి అరవై అయిదు వేలకి పడిపోయింది. ఏడాది చూసి, రెండేళ్ళు చూసి, 2004లో దుబాయి వచ్చాను. అమెరికా గురించి నేను రాసే దేన్లోనైనా అందని ద్రాక్ష వాసన తగిలితే పాఠకులు ఆ మేరకి తగ్గించి చదువుకోవచ్చు.

నా తరానికి అమెరికా బొమ్మ ఇచ్చింది జంధ్యాల గారి 'పడమటి సంధ్యారాగం'. 1987 సినిమా. అమెరికాలో తీసినది, కనక అందులో కనిపించిన రోడ్డూ ఇల్లూ నిజమైనవే. అయినా నేను నమ్మలేదు. ఇళ్ళకి ప్రహరీ గోడలు లేవేమిటి, సెట్టింగు వేసి గోడ కట్టడం మర్చిపోయారనుకున్నాను. అంతకు ముందు తరం వారికి అక్కినేని నాగేశ్వరరావు గారి 'నేను చూసిన అమెరికా' ఉండేది. ఒక సినిమా హీరో అంతదూరం వెళ్ళొచ్చి, చూసింది చూసినట్టు పుస్తకంగా రాస్తే జనం చదివారు. 1965లో అమెరికా వలస చట్టం మారాక మన డాక్టర్లు, ఇంజినీర్లు వెళ్ళడం మొదలై, 1977లో తానా పుట్టే నాటికి, ఈ "చూసింది చూసినట్టు" అన్నది తెలుగులో ఒక వ్యాస ప్రక్రియే అయింది. దీనికి నేను పెట్టుకున్న పేరు "మొదటి ఆశ్చర్యం వ్యాసం". మీరూ డజన్లకొద్దీ చదివి ఉంటారు. విమానం దిగుతాడు. చెయ్యి పెడితే దానంతటదే నీళ్ళొచ్చే కుళాయి. కొన్న చొక్కా నెలరోజులు తొడుక్కుని తిరిగి ఇచ్చినా డబ్బులు వాపసు. పిల్లలు తలుపుకొట్టి చాక్లెట్లు అడుక్కునే దయ్యాల పండగ. భోజనానికి పిలిచి, ఎవరి వంటకం వాళ్ళే తెచ్చుకొమ్మనే పాట్‌లక్. చివర, మన ఊళ్ళో అయితేనా, అని ఒక నిట్టూర్పో చమత్కారమో.

వెక్కిరించడానికి రాయడం లేదిది. ఉత్తరం వెళ్ళడానికి రెండు వారాలు, జవాబుకి మరో రెండు వారాలు పట్టే రోజుల్లో ఆ వ్యాసాలు పెద్ద పని చేశాయి. తెనాలిలో ఉన్న తల్లికి కొడుకు ఏ వంటింట్లో నిలబడి అన్నం వండుకుంటున్నాడో తెలిసిందంటే వాటివల్లే. హాస్యం పండినవీ ఉన్నాయి. వంగూరి చిట్టెన్ రాజు గారి 'అమెరికామెడీ కథలు' చదివినప్పుడు నవ్వు అమెరికా మీద కన్నా అమెరికాలో ఉన్న మన మీదే ఎక్కువ వస్తుంది, అందుకే అవి నిలబడ్డాయని నా నమ్మకం. నా పేచీ ఆశ్చర్యపోవడంతో కాదు, ఆ ఆశ్చర్యం ఎక్కడ ఆగిపోతోందన్న దానితో.

మళ్ళీ చదువుతుంటే నాకు తట్టింది చాలా చిన్న విషయం. వ్యాకరణం. మన మొదటి ఆశ్చర్యం వ్యాసాల్లో క్రియాపదాలు చూడండి. నీళ్ళు వస్తాయి. తలుపు తెరుచుకుంటుంది. ట్రాఫిక్ ఆగిపోతుంది. డబ్బు తిరిగొస్తుంది. చెత్త మాయమవుతుంది. హైస్కూల్లో తెలుగు మాస్టారు చెప్పిన అకర్మక క్రియలు, అన్నీ వాటంతటవే జరిగిపోయేవి. తెచ్చేవాడు, తెరిచేవాడు, ఆపేవాడు, మోసేవాడు వాక్యంలో కనిపించరు. తెలుగులో కర్తని చెప్పకుండా ఎంత సేపైనా మాట్లాడవచ్చు, అది మన భాషకున్న సుఖం. కానీ వింతల గురించి రాసేటప్పుడు ఆ సుఖమే కొంప ముంచుతుంది. మనిషిని తీసేస్తే ఆచారం మంత్రంలా కనిపిస్తుంది. మంత్రమైతే "అబ్బ" అంటాం, ముందుకి పోతాం.

ఒక ఉదాహరణ చెబుతాను. రెస్టారెంటులో టిప్పు. అమెరికా వెళ్ళిన ప్రతి తెలుగువాడూ రాసిన విషయమే ఇది. బిల్లు మీద పదిహేను, పద్దెనిమిది, ఇరవై శాతం వదిలిపెట్టి రావాలట, లేకపోతే మొహం అదోలా పెడతారట. దీన్ని డాలరుని రూపాయల్లోకి మార్చి గుండె పట్టుకోవడంగా రాసినవీ, "ఎంత మర్యాద గల దేశం" అని రాసినవీ చదివాను. కానీ అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం టిప్పులొచ్చే పనివాళ్ళకి యజమాని ఇవ్వాల్సిన కనీస కూలి గంటకి 2.13 డాలర్లు అనీ, 1991 నుంచి ఆ అంకె కదల్లేదనీ రాసినవాళ్ళని నేను చూడలేదు. (టిప్పులు కలిపినా మామూలు కనీస వేతనానికి చేరకపోతే తేడా యజమాని భరించాలని నియమం ఉంది. కొన్ని రాష్ట్రాల్లో నేరుగానే ఎక్కువ ఇవ్వాలి.) ఆ ఒక్క అంకె తెలిస్తే ఆ బల్ల దగ్గర దృశ్యం మొత్తం మారిపోతుంది. మీరు వదిలేది బహుమానం కాదు, ఆమె జీతం. ఆ చిరునవ్వు మర్యాదా కావచ్చు, ఇంటద్దె లెక్కా కావచ్చు. అప్పుడు అది వింత కాదు, కథ. మనవాళ్ళు కథ గుమ్మం దాకా వెళ్ళి, వింత చూసి వెనక్కొచ్చేశారు.

పసుపు బస్సూ అంతే. ఆ రంగు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1939లో న్యూయార్కులో కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో ఫ్రాంక్ సైర్ అనే ప్రొఫెసరు రాష్ట్రాల అధికార్లనీ, బస్సులు తయారుచేసేవాళ్ళనీ కూర్చోబెట్టి, రకరకాల పసుపు ముక్కల్లోంచి ఒక్కటి తేల్చాడు. పొద్దున మసక వెలుతుర్లో నల్ల అక్షరాలు ఆ రంగు మీద బాగా కనపడతాయని. అంతవరకూ ఒక్కో ఊళ్ళో పిల్లలు ఒక్కో రకం బండెక్కి వెళ్ళేవారు. పొలాల మధ్య మైళ్ళ దూరాన ఉన్న ఇళ్ళ నుంచి పిల్లల్ని పెద్ద బడికి చేర్చడం అన్న పల్లెటూరి సమస్య అది. పల్లెటూళ్ళ నుంచి వెళ్ళిన మనకి అది ఎంత దగ్గరగా ఉండాలి! అయినా మన వ్యాసాల్లో అది పోస్టుకార్డు బొమ్మగానే మిగిలింది.

మనకి ఇలా రాయడం చేతకాక కాదు. మన భాషలో తొలి యాత్రా గ్రంథమే ఎదురు సాక్ష్యం. ఏనుగుల వీరాస్వామి గారు మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటరు. 1830 మే నెలలో మద్రాసు నుంచి బయల్దేరి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ వెళ్ళి, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. స్నేహితుడు శ్రీనివాస పిళ్ళైకి రాసి పంపినదంతా 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. ఆయనకీ అడుగడుగునా కొత్త ఆచారాలే. కానీ ఆయన "అబ్బ" అని ఆగడు. ఈ మజిలీలో ఏమేం దొరుకుతాయి, నీళ్ళెక్కడ, దారెలా ఉంది, దిగడానికి చోటుందా, ఏ కులంవాళ్ళు ఏ పని చేస్తారు, అన్నీ కోర్టు గుమాస్తా పద్ధతిలో రాసుకుంటూ పోతాడు. ఆయన పల్లకీలో ప్రయాణించాడు. ఆ పల్లకీ దానంతటది నడిచినట్టు ఎక్కడా రాయలేదు, మోసే బోయీలు ఆ పుస్తకంలో ఉన్నారు. రెండు వందల ఏళ్ళ కిందటి ఉద్యోగస్థుడు, పరివారంతో వెళ్ళినవాడు, మనకన్నా కళ్ళు తెరిచి చూశాడని ఒప్పుకోవాలంటే కాస్త సిగ్గుగా ఉంది.

ఇంతవరకూ అమెరికావాళ్ళ మీద రాశాను కాబట్టి హాయిగా ఉంది. ఇప్పుడు డేరాకి రావాలి.

అమెరికాలో మనవాళ్ళు రాసినంతైనా గల్ఫులో మనవాళ్ళం రాయలేదు. మా బీరువాలో గల్ఫు జీవితం మీద తెలుగు పుస్తకాలు వెతికితే ఒక చేతి వేళ్ళు మిగిలిపోయాయి. ఇక్కడ వింతలు లేవా అంటే, దుబాయి గురించి చిన్నప్పుడు విని గాలికబుర్లనుకున్నవి నిజమని తేలడం నాకు ఇరవై ఏళ్ళుగా జరుగుతూనే ఉంది.

మా తాతగారి స్నేహితుడొకాయన, ఓడ ఉద్యోగం చేసి వచ్చినవాడు, "దుబాయిలో మన రూపాయే చెల్లేదురా" అనేవాడు. ముసలాయన చాదస్తం అనుకునేవాళ్ళం. నాయిఫ్‌లో పాత నోట్లు అమ్మే ఒక దుకాణంలో ఆ రూపాయి నా కంట పడింది. రిజర్వు బ్యాంకే గల్ఫు కోసమని 1959లో వేరే రంగులో, నంబరు ముందు జెడ్ అక్షరంతో అచ్చువేసిన నోట్లు. 1966లో రూపాయి విలువ తగ్గించే దాకా ఈ క్రీకు ఒడ్డున ఖర్జూరాలు కొన్నా, బంగారం కొన్నా ఇచ్చింది అలాంటి రూపాయే. దిర్హాము వచ్చింది 1973లో. అంటే మనం పరాయి దేశం అనుకుంటున్న ఈ బజారు మా నాన్న స్కూలుకెళ్ళే రోజుల్లో మన నోటుతో నడిచింది. ఇది అమెరికాలో పోస్టు డబ్బా మీద జెండా కంటే చిన్న వింతా?

రంజాన్ నెలలో సూర్యాస్తమయానికి పోలీసులు ఫిరంగి పేలుస్తారని విన్నప్పుడు అదేదో రాజుల కాలం కథ అనుకున్నాను. మొదటి ఏడాది ఆ చప్పుడికి ఉలిక్కిపడి టీ ఒలకబోసుకున్నాను. ఇంకా అబ్రా ఉంది. మెట్రో వచ్చినా, వంతెనలున్నా, సొరంగం ఉన్నా, ఒక దిర్హాము ఇచ్చి చెక్క పడవలో సబ్ఖా నుంచి బర్ దుబాయి దాటేవాళ్ళు ఇప్పటికీ బారులు తీరతారు. వారాంతం సంగతి చెబితే ఇండియాలో నమ్మేవారు కాదు. గురు, శుక్రవారాలుగా ఉన్నది 2006లో శుక్ర, శనివారాలైంది, 2022 జనవరిలో శని, ఆదివారాలైంది. దేశం దేశమంతా కేలెండరు పక్కకి జరుపుకుంది. మా సాహితీ సమావేశం కూడా శుక్రవారం పొద్దుట నుంచి ఆదివారానికి జరిగింది, హాజరు మాత్రం మారలేదు.

వీటన్నిటిలోకీ నేను అస్సలు నమ్మనిది హారన్ టీ. గల్ఫు నుంచి సెలవుకొచ్చినవాళ్ళు చెప్పేవారు: "అక్కడ టీ కొట్టు ముందు కారాపి హారన్ కొడితే చాలు, టీ మన దగ్గరికే వస్తుంది, దిగక్కర్లేదు." సెంటు వాసనతో, చేతికి బంగారు గొలుసుతో వచ్చినవాళ్ళు ఏం చెప్పినా సగం కోసెయ్యాలని మా ఊరి లెక్క. 2004లో నేను ఉద్యోగంలో చేరిన వారంలోనే, సహోద్యోగి ఒకాయన అబూ హైల్‌లో ఒక కెఫెటేరియా ముందు కారాపి రెండుసార్లు హారన్ కొట్టాడు. లోపలి నుంచి ఒక కుర్రాడు ఎండలోకి పరిగెత్తుకొచ్చాడు. రెండు వేళ్ళు చూపించాడీయన. అయిదు నిమిషాల్లో కరక్ చాయ్, రెండు కాగితం కప్పుల్లో, కిటికీ దగ్గర. మా మేనల్లుడి మెసేజీలో ఉన్న ఆశ్చర్యార్థకమే నా మొహంలోనూ.

ఇక్కడ ఇంకో ఒప్పుకోలు. 2006లో ఈ వార్షిక సంచికలోనే 'దుబాయి వింతలు' అని ఒక వ్యాసం రాశాను. పాత సంచికలు దాచుకున్నవారుంటే దయచేసి వెతక్కండి. అందులో ఒక వాక్యం ఉంది, అప్పట్లో నాకు చాలా గర్వంగా ఉండేది: "ఈ దేశంలో మనం టీ దగ్గరికి వెళ్ళక్కర్లేదు, టీయే మన దగ్గరికి నడిచొస్తుంది." ముగ్గురు నలుగురు ఫోను చేసి మెచ్చుకున్నారు కూడా. ఇప్పుడు అకర్మక క్రియల కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే, టీ నడవదు. నడిచొచ్చినవాడు నా వాక్యంలో లేడు. 45 డిగ్రీల ఎండలో, రెండు కార్ల మధ్యనుంచి, ఒలకకుండా తెచ్చినవాణ్ణి నేను వ్యాకరణంతో మాయం చేశాను. ఇంతసేపూ అమెరికావాళ్ళ దగ్గర పట్టుకున్న తప్పు నా సొంత ప్రోగ్రాములోనే ఉంది.

ఇది కూడా నాకు నేనుగా తట్టింది కాదు. కోవిడ్‌కి ఏడాది ముందు అనుకుంటాను, హోర్ అల్ అన్జ్‌లో ఒక కెఫెటేరియా ముందు అలాగే హారన్ కొట్టి కూర్చున్నాను. ఫోన్లో మా ఆవిడతో మాట్లాడుతున్నాను. టీ తెచ్చిన అతను కిటికీ దగ్గర ఒక్క క్షణం ఆగి, "అన్నా, మీరు తెల్గోళ్ళా?" అన్నాడు. జగిత్యాల పక్క పల్లె. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. వచ్చి ఆరేళ్ళయిందట. ముందు లేబర్ క్యాంపులో ఉండి బిల్డింగు పని, తరవాత ఇక్కడ. రద్దీ లేని వేళ కాబట్టి నాలుగు మాటలు కుదిరాయి. దుబాయి వచ్చాక నీకు అన్నిటికన్నా వింతగా అనిపించిందేమిటని అడిగాను, బుర్జ్ ఖలీఫా అంటాడనుకుని. అతను నా కారుని చూపించాడు.

"గిదే అన్నా. మా ఊరికి దుబాయ్‌కెల్లి అచ్చినోళ్ళు చెప్తుండె, కార్ల కూసున్నోళ్ళు చాయ్ కోసం కిందికి దిగరంట, హారన్ గొడ్తరంట, మనం ఉర్కాలంట అని. గప్పాలు గొడ్తున్నరనుకున్న. ఒక్క దిర్హామ్ చాయ్‌కి మనిషి దిగకుండ ఉంటడా? ఈడికచ్చి చూస్తే నిజమే."

నవ్వుతూనే అన్నాడు. కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. నేను మా ఊళ్ళో విన్న కబురే అతను వాళ్ళూళ్ళో విన్నాడు. ఇద్దరం నమ్మలేదు. ఇద్దరం వచ్చి నిజమని తెలుసుకున్నాం, కిటికీ అద్దానికి చెరో వైపునా. నా ఆశ్చర్యం అచ్చయింది.

మర్నాటి నుంచి కారు దిగి లోపలికి వెళ్ళి టీ తాగడం మొదలుపెట్టాను. పెద్ద మనసనుకుంటున్నారేమో. మూడో రోజు అతనే మెల్లిగా చెప్పాడు, "అన్నా, మీరు కార్లనే కూసోండ్రి. ఈడికస్తే పైసలు గల్లలకు పోతయ్." కారు దగ్గరికి తెచ్చిస్తే మిగిలిన అర దిర్హామో, ముప్పావో అతని చేతిలో ఉంటుంది, లోపల తాగితే గల్లాపెట్టెలో పడుతుంది. అమెరికా వెయిట్రెస్ 2.13 డాలర్లు నాకు కొత్తగా అర్థమైంది ఆ మాటతోనే. నేను మళ్ళీ కారులో కూర్చుంటున్నాను. హారన్ మాత్రం కొట్టలేకపోతున్నాను, లైట్లు వేసి ఆర్పుతున్నాను. ఇది ఏ విధంగా మెరుగో అడిగితే నా దగ్గర జవాబు లేదు.

మా బిల్డింగులో మలయాళీలు చాలామంది. వాళ్ళ ఇళ్ళలో బెన్యామిన్ నవల 'ఆడుజీవితం' ఉంటుంది. 2008లో వచ్చింది. గల్ఫు వచ్చి సౌదీ ఎడారిలో మేకల దొడ్లో చిక్కుకుపోయిన మనిషి కథ. 2024లో సినిమాగా వచ్చినప్పుడు మా లిఫ్టులో వారం రోజులు అదే మాట. మమ్ముట్టి నటించిన 'పత్తేమారి' 2015లో వచ్చింది, గల్ఫు మొదటి తరం మీద. మనకి సునీల్ కుమార్ రెడ్డి గారి 'గల్ఫ్' సినిమా 2017లో వచ్చింది, ఆ ప్రయత్నానికి నమస్కారం. అయితే మలయాళీలని చూసి మనమూ మేకల దొడ్ల కథలు రాయాలని నేననను. తెలుగులో గల్ఫు అంటే ఏడుపు సినిమా, లేకపోతే ఫేసుబుక్కులో బుర్జ్ ఖలీఫా ముందు ఫోటో. ఈ రెంటికీ మధ్య అరవై గజాల దూరంలో, కెఫెటేరియా గుమ్మానికీ కారు కిటికీకీ నడుమ, ఇద్దరు తెలుగువాళ్ళు రోజూ ఎదురుపడే చోటుంది. అది ఎవరూ రాయలేదు.

ఎందుకు రాయలేదంటే నాకు తోచిన కారణాలు కొన్ని ఉన్నాయి. అమెరికాలో మనవాడు ఇల్లు కొనుక్కున్నాడు, పౌరసత్వం తీసుకున్నాడు. తన వీధి గురించి రాసే హక్కు తనకుందని నమ్మాడు. మనకి ఇక్కడ వీసా రెండేళ్ళు, మూడేళ్ళు. ఇరవై ఏళ్ళున్నా "ఎప్పుడొచ్చావు, ఎప్పుడు వెళ్తావు" అనే అడుగుతారు. తాత్కాలికంగా ఉన్నచోట ఏం రాస్తాం అనిపిస్తుంది. ఉద్యోగ భయం కూడా ఉంటుంది, దాన్ని చిన్నచూపు చూడలేను. కానీ నిజంగా పెద్ద కారణం ఇంకొకటి. రాయడం వచ్చిన మనం కార్లలో ఉన్నాం. మన సంఘం సభ్యుల్లో ఇంజినీర్లు, అకౌంటెంట్లు, డాక్టర్లు, వాళ్ళ కుటుంబాలు. జూన్ పదిహేను నుంచి సెప్టెంబరు పదిహేను దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకూ ఎండలో పని ఆపాలన్న నియమం 2005 నుంచీ ఉంది. మన వార్షిక సంచికలో ఆ రెండున్నర గంటల గురించి ఒక్క కథ రాలేదు. ఆ వేళప్పుడు మనం ఏసీలో ఉంటాం కనక. మన సమావేశాలకి వచ్చే తెలుగు, నాతో సహా, కృష్ణా గుంటూరు తెలుగు. "గప్పాలు" అన్న మాట ఈ సంచికలో అచ్చవడం బహుశా ఇదే మొదలు. అమెరికా సంపుటాల్లో కర్త కనపడడని ఇందాక పెద్ద విమర్శకుడిలా రాశాను. మన సంచికలో అతను రచయితల జాబితాలోనే లేడు.

అతన్ని రాయమని అడిగాను. "నాకేం రాయస్తది అన్నా" అన్నాడు. చెప్పు, నేను రాసుకుంటానన్నాను. వచ్చే వారం అన్నాడు. తరవాత కోవిడ్ వచ్చింది. దుకాణాలు తెరిచాక వెళితే ఆ కెఫెటేరియాలో వేరే మనుషులున్నారు. ఊరెళ్ళిపోయాడని ఒకరు, షార్జాలో ఉన్నాడని మరొకరు చెప్పారు. నేను ఇక్కడ రాసిన నాలుగు వాక్యాలు నాకు గుర్తున్న మేరకే. మాటలు అవేనని చెప్పగలను, యాస సరిగ్గా పట్టానని చెప్పలేను. కరీంనగర్ మిత్రుడొకాయన దిద్దిపెట్టారు.

మొన్న మేనల్లుడు ఫోను చేశాడు. చదువుకునే రోజుల సంగతులేవో మాట్లాడుతూ మొదటి సెమిస్టరులో యూనివర్సిటీ భోజనశాలలో వారానికి ఇరవై గంటలు పనిచేశానని అప్పుడు బయటపెట్టాడు. ఇంట్లో అమ్మకి చెప్పలేదట. గిన్నెలు కడగడం కాదు, కౌంటరు దగ్గర నిలబడి వడ్డించడం. నెలరోజులు ఒకే కుర్రాడికి రోజూ అన్నం వడ్డించాడట, క్లాసులో పక్క కుర్చీలో కూర్చున్నా వాడు గుర్తుపట్టలేదట. ఆ లిఫ్టులో "ఎలా ఉన్నావు" రకమే, రోజుకి రెండొందల సార్లు తనే అందరినీ అడిగేవాడట.

"ఒరేయ్, అది రాయరా, మా సంచికకి పంపుతాను," అన్నాను.

"దాన్లో ఏముంది మామయ్యా," అన్నాడు. "కావాలంటే ఎర్ర కప్పుల ఫోటోలున్నాయి, పంపనా?"